రెంటాల గోపాలకృష్ణ: కవి, అనువాదకుడు, పత్రికారచయిత



రెంటాల గోపాలకృష్ణగారి ప్రస్తావన వస్తే ముందు అభ్యుదయకవి అంటాం. ఆ తర్వాత అనువాదాల సంగతి ఒక వాక్యంలో తేల్చేస్తాం. పత్రికా ఉద్యోగాన్ని పొట్టకూటి పద్దులో రాసి ఊరుకుంటాం. ఈ వరస నాకు సమ్మతం కాదు. ఆయన కవిత్వాన్ని తూచే త్రాసులోనే అనువాదాన్నీ తూచాలని చెప్పడానికే ఇవాళ ఈ ఆసనం ఎక్కాను.

ఆయన 1920లో, నేటి రెంటచింతల మండలంలోని రెంటాలలో పుట్టారు. నాపరాళ్ల నేల, వీరగాథల నేల అది. ఆ తరం కవులకు నరసరావుపేట పెద్ద అండ. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. మరుసటేడే కుందుర్తి, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం కలిసి 'నయాగరా' కవితా సంపుటి తెచ్చారు. కవి అనిసెట్టిదీ నరసరావుపేటే. రెంటాల ఆ స్నేహబృందంలోని వారు. 2022లో జిల్లా కేంద్రమైన నరసరావుపేట, దాదాపు ఎనభై ఏళ్ల ముందే కొత్త కవిత్వానికి కేంద్రంగా నిలిచింది. ఈ చరిత్ర మన పిల్లలకు పాఠంగా అందాలి.

రెంటాల కవితా సంపుటి 'సంఘర్షణ' 1950లో వచ్చింది. తర్వాతి సంపుటాలకు ఆయన పెట్టిన పేర్లు 'సర్పయాగం', 'శివధనువు'. జనమేజయుడి యాగాన్నీ, జనకుడి ఇంట విరిగిన వింటినీ ఒక అభ్యుదయకవి తనవిగా చేసుకున్నాడంటే, పాతకథ మీద తనకూ హక్కుందని నమ్మాడన్నమాట.

ఇక అనువాదాలు. బెల్లంకొండ రామదాసుతో కలిసి టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి'ని తెలుగు చేశారు. అయిదు వందలకు పైబడిన పాత్రలు, యుద్ధరంగాలు, విందులు, చావులు, చరిత్ర మీద టాల్‌స్టాయ్ చేసే సుదీర్ఘమైన వాదం! ఇద్దరు కవులు అంత బరువుకు భుజమివ్వడం చిన్న సాహసమా? రష్యన్ రచయిత కుప్రిన్ నవల రెంటాల చేతిలో 'యమకూపం'గా వచ్చింది. వేశ్యావాటికలోని ఆడవాళ్ల బతుకును జాలి కథగా దిగజారకుండా చెప్పాలంటే అనువాదకుడికి గుండె కావాలి, భాష మీద పట్టూ కావాలి. అదే చేయి వాత్స్యాయన కామసూత్రాలను కూడా తెలుగులోకి తెచ్చింది. నవలకు పనికొచ్చిన వచనం శాస్త్రానికి చాలదు. ఈ తేడా తెలిసిన కలానికి రెండో వరసలో పీట వేయడం అన్యాయం.

ఆయన ఆంధ్రప్రభ సంపాదకవర్గంలో పనిచేశారు. ఆనాటి తెలుగు పత్రికాఫీసు ఎలాంటిదో కొంచెం తలచుకోండి. టెలిప్రింటర్ మీద వార్త ఇంగ్లీషులో దిగుతుంది. అచ్చుకు వెళ్లే వేళ తరుముకొస్తుంటుంది. నిఘంటువులో లేని మాటకు అప్పటికప్పుడు తెలుగు వెతకాలి, అదీ రచ్చబండ మీద చదివించుకుని వినేవాడికి అర్థమయ్యేలా. తెలుగు ఉపసంపాదకుడు పూటపూటా చేసేది అనువాదమే. కనుక ఆ ఉద్యోగం ఆయన సాహిత్యానికి అడ్డమైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. టాల్‌స్టాయ్‌ని మోయగల వచనానికి అలాంటి చోటే సాధన దొరుకుతుంది.

మనం అమరావతిలో కూర్చున్నాం గనక ఒక మాట. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన 'సుహృల్లేఖ' చాలాకాలం చైనా, టిబెట్ అనువాదాల్లోనే బతికింది. పరాయి భాషలో ఎవరో దీపం ముందు కూర్చుని తిరగరాయకపోతే, ఈ కృష్ణాతీరపు ఆలోచన మనదాకా వచ్చేదా? మహాచైత్యం ఉన్న ఊళ్లో నిలబడి అనువాదకుణ్ణి తక్కువగా చూసే అధికారం మనకు లేదు.

1995లో రెంటాల కన్నుమూశారు. పరిశోధక మిత్రులను నేను కోరేవి రెండు. 'యుద్ధము-శాంతి'లో ఇద్దరు కవుల వచనం ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడివడిందో పుట పుటా చూసి చెప్పండి. పాత ఆంధ్రప్రభ సంపుటాలు తిరగేసి ఆయన రాతలను ఏరి, తేదీలతో పట్టిక వేయండి. ఆ పనికి పూనుకునేవారికి నా పుస్తకాల బీరువా తెరిచే ఉంటుంది. ఇక మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.