గురిలో మనోనిగ్రహం



ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి పిట్ట కన్ను తప్ప మరేమీ కనిపించలేదన్నది తరగతి గదుల్లో ఏటా చెప్పే కథ. పిస్టల్ క్రీడలో ఈ పాఠం తిరగబడుతుంది. చూపు నిలవవలసింది లక్ష్యం మీద కాదు, పిస్టల్ కొనన ఉన్న ముందు సైటు మీద. పది మీటర్ల దూరాన ఉన్న నల్లని వలయం మసకగానే ఉండాలి. రెండు దూరాలను ఒకేసారి స్పష్టంగా చూడడం కంటికి సాధ్యం కాదు. సైటు వెంట్రుకవాసి ఒరిగినా ఆ దోషం లక్ష్యం చేరేసరికి ఎన్నో రెట్లవుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే, చొక్కా బొత్తామంత!

నిలబడే తీరు సరిచూసుకోవడానికి కళ్ళు మూసి చేయి ఎత్తి, ఆపై కళ్ళు తెరవాలి. పిస్టల్ పక్కకు చూస్తుంటే జరపవలసినవి పాదాలు, చేయి కాదు. చేయి కొద్దిగా కదలడం సహజం. ఆ కదలిక ఆగిన క్షణాన్ని అందుకోవాలని ట్రిగ్గరును గబుక్కున లాగినప్పుడే గురి చెడుతుంది. వేలి ఒత్తిడి సమంగా పెరగాలి. గుండు వెళ్ళిన తరువాత కూడా చూపు ఒక క్షణం సైటును వీడరాదు.

ఇవన్నీ అభ్యాసంతో వచ్చేవే. కష్టమైనది మరొకటి ఉంది: మనసు కుదరనప్పుడు, ఎత్తిన చేతిని కాల్చకుండా దించడం. 60 గుండ్లకు 75 నిమిషాల వ్యవధి ఉంటుంది కనుక తొందర అనవసరం. అయినా వెనుక ఎవరో చూస్తున్నారన్న బిడియం చేయి దించనివ్వదు. ఆ చూసేవారు చాలాసార్లు తల్లిదండ్రులే.

హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ ప్రాయంలో, సీనియర్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో దక్కింది 18వ స్థానం. 2025లో నింగ్బో ప్రపంచ కప్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం ఆమెదే. మన బెంగళూరు వాసి ప్రకాశ్ నంజప్ప 2013లో ముఖ పక్షవాతానికి గురై, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం సాధించారు. పారిస్ ఫలితాన్ని మాత్రమే చూసి ఆ అమ్మాయికి ఇంట్లో ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే? మార్కుల పట్టిక చదివే అలవాటున్న ఇళ్ళలో ఈ ప్రశ్న ఆలోచించదగినది.

కాబట్టి పోటీ ముగించి వచ్చిన బిడ్డను మొదట అడగవలసింది "ఎంత వచ్చింది?" అని కాదు, "ఎన్నిసార్లు చేయి దించావు?" అని. పోయిన గుండు గురించి బిడ్డ తానుగా చెబితే వినాలి, తవ్వి తీయకూడదు.

మహదేవపురలో పది మీటర్ల ఖాళీ జాగా దొరకడం గగనమే. అయితే శిక్షకుని అనుమతితో, పెద్దల సమక్షంలో, గుండు లేదని రెండుసార్లు సరిచూసిన పిస్టల్‌తో తెల్లగోడ ఎదుట సాధన చేయవచ్చు. రోజుకు పావుగంట చాలు. గోడ మీద వలయం గీయనక్కరలేదు. సైటు కదలిక ఒక్కటే కనబడాలి.