జొన్నవేరు స్రవించు విషము
మన మెట్టపొలములలో సాధుస్వభావముతో పెరుగుచున్నట్లు కన్పట్టు జొన్నమొక్క, భూగర్భమున మాత్రము తన పొరుగు మొక్కలతో ఎడతెగని పోరు సాగించును. దాని మూలకేశముల కొనలనుండి పసుపువన్నె తైలబిందువులు స్రవించును. సార్గోలియోన్ అను ఆ ద్రవ్యము మట్టిలో చేరి, చిన్న విత్తనములనుండి అప్పుడే మొలకెత్తుచున్న కలుపుమొక్కలలో ప్రవేశించి, సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచుకొను కిరణజన్యసంయోగక్రియను స్తంభింపజేయును. ఒక మొక్క తన రసాయనములచే మరియొక మొక్కపై ప్రభావము చూపు ఈ వ్యాపారమునకు 1937లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్ ‘అల్లెలోపతి’ అని నామకరణము చేసెను. స్థానము విడిచి పారిపోజాలని జీవికి ఇంతకన్న సమర్థమైన ఆత్మరక్షణోపాయము వేరొకటి కలదని నేను తలపను. అయితే కోతల పిదప చేనిలో మిగిలిన జొన్న కొయ్యకాళ్ళు, వేళ్ళు కుళ్ళునప్పుడు వెలువడు ద్రవ్యములు తరువాతి పైరు మొలకలను సైతము బాధింపవచ్చును గనుక, అవి మట్టిలో చివికి కలిసిపోవువరకు విత్తుట ఆపుట మేలు.