నిరాశ్రయ స్త్రీలు - వినోదము



నలుడు జూదమాడి రాజ్యము గోల్పోయిన కథ యెల్లరెఱిగినదే. ఆ యాటవలన నిలువనీడ లేనిదైనది దమయంతి. అరణ్యపర్వమున నామె చేదిపురము ప్రవేశించు ఘట్టము మరల చదువదగియున్నది. సగము చీర, ధూళి గ్రమ్మిన కురులు, చిక్కిన మేను. వెఱ్ఱిదని తలచి వీథిపిల్లలు వెంటబడిరి. మేడపైనుండి చూచి రాజమాత యామెను రప్పించెను. దమయంతి యాశ్రయము గోరుచునే నియమములు పెట్టినది: ఎంగిలి ముట్టదు, ఒకరి కాళ్లు కడుగదు, పరపురుషులతో మాటాడదు. రాజమాత యన్నిటి కొప్పుకొని, కూతురు సునందను బిలిచి, యీమె నీ యీడుది, నీకు చెలి, ఈమెతో గూడి వేడుకగా నుండుమనెను. కూడుగుడ్డ లిచ్చి మూలగది చూపి యూరకుండలేదు.

“ఆకొన్నవారి కాటలేల?” అని కొందఱు పెద్దలందురు. ఆ ప్రశ్నకు బృందావనము చూడవలెను.

ఉత్తరప్రదేశమున మథుర జిల్లాలోని యా పుణ్యక్షేత్రమునకు వేలకొలది వితంతువులు దిక్కులేక చేరిరి. వంగదేశపువారే అధికులు. భజనాశ్రమములలో గంటలకొలది పాడి, దొరకిన కొలది డబ్బులతో, పిడికెడు బియ్యముతో కాలము గడపుచుండిరి. 2012లో వారి దురవస్థ సుప్రీముకోర్టు దృష్టికి వచ్చెను. బిందేశ్వర పాఠక్ గారు స్థాపించిన సులభ సంస్థ వారికి నెలవారీ భృతి యేర్పఱచెను. అంతతో నాగలేదు. కృష్ణుడు గోపికలపై రంగులు చల్లెనని చెప్పుకొను నూరిలోనే యీ స్త్రీల తెల్లచీరపై రంగుచుక్క పడరాదని యాచారము. 2013లో వారు తమ యాశ్రమములో హోలీ యాడిరి. 2016లో గడప దాటి గోపీనాథాలయములోనే గులాలు, పూలరేకులు చల్లుకొనిరి.

భజనలోను పాట యున్నది గదా యని శంక కలుగవచ్చును. అది కూటికి పాడిన పాట. గొంతు నొచ్చినను మానరాదు. ఆటయందు మానుటకును స్వతంత్రము కలదు. అందుచేత బలవంతముగా నాడించునది, చిత్రము దీయించుకొనుటకు నాడించునది ఆట కానేరదు. దమయంతి నియమముల తాత్పర్యమిదియే గాబోలు. ఒక్క పున్నమి రంగు మఱునాటి స్నానముతో పోవుననుటయు నిజమే. ఇల్లును కావలెను. వేయిమందికి నెలవుగా కృష్ణ కుటీరమను ప్రభుత్వ సదనము 2018లో అచ్చటనే తెఱవబడినది.

అంత దూరమేల? మన యూళ్లలో పేరంటమునకు పిలుపందని యిల్లాండ్రు లేరా? అట్లతద్దినాడు ఊయల దగ్గఱకు రాక, వాకిట నిలిచి చూచువారు లేరా? వారికి ఇల్లున్నది, తిండియున్నది, పిలుచువారే లేరు.

చేదిపురమున దమయంతి యంతఃపురమునందుండియు ముఖముపైని ధూళి కడుగుకొనలేదు. ఆమెను వెదకుచు వచ్చిన సుదేవుడను బ్రాహ్మణుడు, కనుబొమల నడుమ పుట్టుమచ్చ యుండవలెననగా, ఆ ధూళిని తుడిచినది సునంద. మచ్చ కనబడెను. అప్పుడుగాని యీమె తన తోబుట్టువు కూతురని రాజమాతకు తెలియలేదు.