పూచీ కాగితం ఏ భాషలో ఉంది?

(బొమ్మసంద్రలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా బడి గురించి మాట్లాడుకుంటాం. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చిన నాటినుండి హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లల చదువు గురించి మనం చేయని విన్నపం లేదు. ఈ రోజు నేను కారు వారంటీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులలో కొందరు నవ్వారు. భాషాహక్కులకూ కారుకూ ఏమి సంబంధమని అడిగారు. ఇల్లు కట్టుకోవడం తరువాత మన మధ్యతరగతి కుటుంబాలు పెట్టే అతి పెద్ద ఖర్చు కారు. ఆ ఖర్చుకు కంపెనీ ఇచ్చే పూచీ మనలో చాలామంది చదవలేని భాషలో ఉంటుంది. సంబంధం అక్కడే ఉంది.

బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో పనిచేసే తెలుగువారిలో చాలామంది రోజూ రాష్ట్రం దాటి వచ్చి పోయేవారే. మెట్రో పసుపు మార్గం 2025 ఆగస్టులో ఇక్కడిదాకా వచ్చింది గాని, అత్తిబెలె అవతలివారికి ఇంకా సొంత బండే దిక్కు. అటువంటి కుటుంబం ఒకటి నా దగ్గరకు వచ్చింది. కాపురం హోసూరులో, ఉద్యోగం ఇక్కడి కర్మాగారంలో. కొన్న పద్నాలుగో నెలలో గేర్లు పడటం మానేశాయి. సర్వీస్ సెంటరులో ఉన్న అబ్బాయి సగం కన్నడంలో, సగం తెలుగులో “ఇది అరిగిపోయే పార్టు సార్, వారంటీ రాదు” అన్నాడు. నోటిమాటే. కాగితం లేదు. ఆయన అప్పు చేసి డబ్బు కట్టి, బండి తీసుకుపోయేందుకు చూపించినచోట సంతకం పెట్టాడు. ఆ జాబ్ కార్డు అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఏముందంటే, మరమ్మతు వారంటీ కిందికి రాదని నాకు వివరించారు, నేను సమ్మతించాను అని. మేము నోటీసు పంపగానే అవతలి పక్షం మొదట చూపించింది ఆ సంతకాన్నే. ఆయన భార్య నన్నడిగిన ప్రశ్నకు నేటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. “మా ఆయన బండి కోసం సంతకం పెట్టినాడు గాని, ఆ మాటలకు పెట్టలేదు కదా సార్?”

చివరకు ఆ తగాదా రాజీలో ముగిసింది, ఖర్చులో సగం తిరిగివచ్చింది. తక్కిన సగం ఆ సంతకం ఖరీదని నేననుకుంటాను.

వారంటీ అంటే ఏమిటి? నిర్ణీత కాలంలోగాని, నిర్ణీత కిలోమీటర్లలోగాని, ఏది ముందైతే అంతవరకు, తయారీలోనో లోహంలోనో లోపమున్న భాగాన్ని ఉచితంగా బాగుచేస్తాం లేదా మారుస్తాం అనే ఒప్పందం. కారు మొత్తాన్ని మారుస్తామని కాదు. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. వారంటీ షరతు భాగాన్ని మార్చడం వరకే ఉన్నప్పుడు కొత్త కారు ఇమ్మనడం కుదరదని, దానికి బదులు పరిహారం ఇప్పించింది. అందువల్ల ఫిర్యాదులో ఆవేశపడి “కొత్త బండి కావాలి” అని ఒక్కటే రాయకండి. మరమ్మతు, కట్టిన డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు, అన్నీ అడగండి. అలాగని కారు మార్చడం ఎన్నడూ జరగదనీ కాదు. హ్యుండాయ్ క్రెటా ప్రమాదంలో గాలి సంచులు తెరుచుకోని కేసులో కారు మార్చి ఇవ్వాలన్న తీర్పును 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

తిరస్కరణకు చెప్పే కారణాలు కొన్నే. అరిగే భాగమంటారు. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్ల విషయంలో అది తరచు నిజమే. గేర్ బాక్సు విషయంలో అంత తేలికగా ఒప్పుకోనక్కరలేదు. సర్వీసు ఆలస్యమైందంటారు, నీళ్లు పోయాయంటారు, కల్తీ పెట్రోలంటారు. ఎక్కువగా వినిపించేది మాత్రం “బయట మెకానిక్ చెయ్యి పెట్టాడు” అన్న మాట. మన ఊళ్లలో పాత పరిచయమున్న మెకానిక్ దగ్గరకు పోనివారెవరు? 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వును ఇక్కడ గుర్తుంచుకోవాలి. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టడం తగదని కమిషన్ చెప్పింది. అప్పుడు విధించిన జరిమానా 2,500 కోట్ల రూపాయలు దాటింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అది వేరే కథ. మనకు పనికివచ్చే తర్కం ఒకటే. బయటివాడు చేసిన పనివల్లనే ఈ భాగం చెడిందని మీరెలా తేల్చారో రాసి ఇవ్వండి అని అడగాలి.

రాసి ఇవ్వండి అన్న ఆ మాటను కంఠతా పెట్టుకోండి. కారణం, వారంటీ పుస్తకంలోని షరతు సంఖ్య, తేదీ ఉండాలి. వారు ఇవ్వకపోతే మీరే ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో డీలరుకూ, తయారీదారుకూ ఇద్దరికీ పంపండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, నకలు దాచుకోండి. జాబ్ కార్డులో మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి. అర్థం కాని వాక్యం కింద సంతకం తప్పనిసరైతే, పక్కనే తెలుగులో “చదివి వినిపించలేదు, అభ్యంతరంతో సంతకం” అని రాయండి. ఆ నాలుగు మాటలు తరువాత వకీలు గంటసేపు చేసే వాదనకంటే బలమైనవి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. సరిహద్దువాసులకు అందులో అతి విలువైనది 34వ సెక్షన్. 1986 చట్టం కింద, అవతలి పక్షం వ్యాపారం చేసేచోటనో, వివాదం పుట్టినచోటనో కేసు వేయాల్సివచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివసించేచోట, లేదా స్వయంగా పనిచేసేచోట కూడా వేయవచ్చు. హోసూరు కాపురస్తుడు కృష్ణగిరిలో వేయవచ్చు, బొమ్మసంద్రలో ఉద్యోగమైతే బెంగళూరులో వేయవచ్చు. కుప్పం వ్యక్తి చిత్తూరులోనే వేయవచ్చు. వారంటీ పుస్తకంలో ఫలానా నగరపు న్యాయస్థానాలకే అధికారమని అచ్చువేసి ఉంటే చూసి వెనుదిరగకండి. చెల్లించిన ధర 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషనే. 5 లక్షలలోపు ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. వకీలు తప్పనిసరి కాదు. (నా వృత్తికి నష్టమైనా చెప్పక తప్పదు.) గడువు వివాదం పుట్టిననాటినుండి రెండేళ్లు.

టాక్సీ నడుపుకునే తమ్ముళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. మీది వ్యాపారం కనుక మీరు వినియోగదారులు కారని బెదిరిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న బండి ఆ మినహాయింపు కిందికి రాదని చట్టమే చెబుతోంది. సొంతంగా నడుపుకునే ఆటోవాలా వినియోగదారుడేనని 1995లోనే సుప్రీంకోర్టు ఉదాహరణగా చెప్పింది. పది బండ్లు పెట్టి డ్రైవర్లతో తిప్పేవారి సంగతి వేరు.

తయారీ లోపమని నిరూపించే బరువు సాధారణంగా మనమీదే ఉంటుంది. ఇక్కడే చాలా కేసులు ఓడిపోతాయి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే ప్రయోగశాలకు పంపమని 38వ సెక్షన్ కింద కోరండి. ఖర్చు ముందు మీరు కట్టవలసిరావచ్చు. 2010లో ఒక ఫియట్ కారు వివాదంలో సుప్రీంకోర్టు స్వతంత్ర నిపుణుడి చేత పరీక్ష చేయించి, లోపం తేలితే ధర వాపసివ్వాలని ఆదేశించింది. ఆ పరీక్ష అయ్యేదాకా చెడిన పాత భాగాన్ని సర్వీస్ సెంటరు పారవేయకుండా ఉత్తరంలోనే అడగండి.

ఇక భాష. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 తెలుగులో పలుకుతుంది. కేసుకు ముందు అక్కడ ఫిర్యాదు చేయడం మేలు. కమిషన్ మెట్లెక్కాక సంగతి మారుతుంది. ఒకే దుకాణంలో ఒకే రోజు ఒకే కారు కొన్న ఇద్దరిలో కుప్పం వారికి తమ జిల్లాలో తెలుగు రాజభాష. హోసూరు వారు ఇంగ్లీషులోనో తమిళంలోనో రాయించుకోవాలి. రాజ్యాంగం 350వ అధికరణం కష్టం చెప్పుకునే అర్జీని, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. 15 శాతం జనాభా మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలు, ప్రకటనలు అనువదించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణలలో ఒకటి. ప్రభుత్వాన్ని ఇది కట్టడి చేస్తుంది, కంపెనీని చేయదు. ప్యాకెట్ల మీది వివరాలకు 2011 తూనికల కొలతల నియమాలు హిందీనో ఇంగ్లీషునో చాలంటాయి, ఇతర భాషలు అదనంగా వేసుకోవచ్చునంటాయి. వేసుకోవచ్చునన్న మాట దగ్గరే మన భాషలన్నీ ఆగిపోయాయి. సమాచారం పొందడం వినియోగదారుడి హక్కని 2019 చట్టం అంటున్నది. చదవలేని సమాచారం సమాచారమే కాదన్నది నా వాదన. తెలుగువారికే కాదు, కన్నడిగులకూ తమిళులకూ ఇదే అన్యాయం జరుగుతోంది, కనుక ఈ కోరికను వారితో కలిసి పెడదాం. వారంటీ షరతులు, తిరస్కరణ కారణం కొనుగోలుదారు కోరిన భాషలో ఇవ్వాలని కోరే విన్నపం ముసాయిదా బల్లమీద ఉంది. కన్నడ, తమిళ ప్రతులు కూడా ఉన్నాయి, పక్కింటివారికి పట్టుకుపోండి.

జాబ్ కార్డులు వెంట తెచ్చినవారు భోజనాల తరువాత ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి. ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెబుతాను.