సీసా మీది చిన్న చదరం



లేబుళ్ళ గురించి మాట్లాడతానంటే మా ఆవిడ "భోజనాల ముందు అదెందుకండీ" అంది. కొద్ది నిమిషాల్లోనే ముగిస్తాను.

మూడేళ్ళ క్రితం మే నెలలో మా నాన్నగారికి షుగర్ ఎంతకీ దిగలేదు. ఇన్సులిన్ వేసుకుంటూనే ఉన్నారు. పెట్టె మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ సరిగానే ఉన్నాయి. అది మామిడిపళ్ళ మహిమా, లేక కరెంటు పోయిన ఏ మందుల కొట్లోనో ఇన్సులిన్ వేడెక్కిందా? ఎవరూ చెప్పలేకపోయారు.

1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ ఊళ్ళో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో కొట్టు కౌంటర్‌లో బార్‌కోడ్ స్కానింగ్ మొదలైంది. ఇండియాలో 2023 ఆగస్టు 1 నుంచి పేరున్న 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. నకిలీ మందులను పట్టుకోవడానికి ఇది మంచిదే. కానీ ఆ కోడ్ మందు పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది గానీ దారిలో అది పడ్డ పాట్లు చెప్పదు.

అవి చెప్పే లేబుల్ కూడా ఉంది. 1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద వస్తోంది. ఊదారంగు వలయం, లోపల లేత రంగు చదరం. ఆ చదరంలోని రసాయనం వేడికి గొలుసుకట్టుగా మారి ముదురుతుంది. లోపలి చదరం వలయం కన్నా లేతగా ఉంటే, గడువు దాటకపోతే, మందు వాడవచ్చు. రెండూ ఒకే రంగుకొచ్చినా, చదరం ఇంకా ముదిరినా పారెయ్యాలి. తిరిగి ఫ్రిజ్‌లో పెట్టినా రంగు వెనక్కి పోదు; అంటే దాన్ని మోసం చెయ్యలేం! ఖరీదు కొద్ది సెంట్లే. స్కానరక్కర్లేదు, కరెంటక్కర్లేదు. ఐస్‌బాక్స్ భుజాన వేసుకుని గూడేలకు నడిచే ఆరోగ్య కార్యకర్తకు కళ్ళుంటే చాలు. అనుమానంతో మంచి మందు పారబోసే బాధ కూడా తగ్గింది.

ఒక లోపం మాత్రం ఉంది. ఇది వేడినే లెక్కగడుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. హెపటైటిస్ బి టీకా గడ్డకడితే పాడవుతుంది, చదరం మాత్రం లేతగానే ఉంటుంది. దానికి వేరే సూచిక కావాలి.

నాన్నగారి ఇన్సులిన్ మీద మాత్రం ఈ చదరం లేదు. ఈ హాల్లో మందుల కంపెనీల్లో పనిచేసేవారు చాలామందే ఉన్నారు. ఎందుకు పెట్టలేదో, పెట్టాలంటే అడ్డేమిటో తెలిసినవారు దయచేసి భోజనాల దగ్గర నన్ను కలవండి.