అడవి ఊరికి సెలవులకు పోతున్నరా? ముందు పిలుపు తెచ్చుకోండి

 

ఇయ్యాల్టి ఎపిసోడ్ సెలవుల గురించి. మాది సిరిసిల్ల. పొద్దున లేస్తే మరమగ్గాల చప్పుడు, రాత్రి పండుకున్నా అదే చప్పుడు. మా ఇంట్ల గట్టిగ మాట్లాడుడు అలవాటు, ఎందుకంటే మెల్లగ మాట్లాడితే మగ్గం చప్పుడుల వినపడదు. మీది కోరుట్ల అయినా, జగిత్యాల అయినా రోడ్డు మీద హారన్లు, చేతిలో ఫోన్ నోటిఫికేషన్లు తక్కువేం ఉండయి. అందుకే సెలవులు రాంగనే అందరి నోట ఒకటే మాట: "ఎక్కడికన్నా ప్రశాంతంగ ఉండే ఊరికి పోదాం రా."

అనంగనే మనకు అరకు, ఊటీ యాదికొస్తయి. కాని మన జగిత్యాల నుంచి గోదావరి దాటితే చాలు, కొండలు, టేకు అడవి, గోండు గూడేలు మొదలైతయి. పోయిన దీపావళికి మేము ముగ్గురం అటే పోయినం. నేను, కోరుట్లల ఉండే మా బావ, జగిత్యాల దోస్తు ఒకడు. ఆ ప్రయాణంల నాకు ఒక మంచి బుద్ధి వచ్చింది. అది చెప్పడానికే ఈ వీడియో.

ముందు దారి చెప్త. జగిత్యాల నుంచి ధర్మపురి, నరసింహస్వామి గుడి. అది దాటినంక రాయపట్నం వంతెన. వంతెన మీద నిలబడి చూస్తే కింద గోదావరి. అవతల లక్షెట్టిపేట, అక్కడి నుంచి దండేపల్లి, జన్నారం. జన్నారం వచ్చిందంటే కవ్వాల్ అడవిలో అడుగుపెట్టినట్టే. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించారు. రోడ్డుకు రెండు పక్కల టేకు చెట్లు. అట్లనే పోతే ఉట్నూరు, అక్కడి నుంచి జైనూరు. జైనూరు మండలంలోనే మార్లవాయి అనే ఊరు ఉంది. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా.

మార్లవాయి పేరు చాలామంది విని ఉండరు. కాని ఈ ఊరి కథ ప్రపంచం దాకా పోయింది. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిండు. జల్, జంగల్, జమీన్ కోసం గోండులు ఎందుకు ఎదురుతిరిగారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఒక మానవ శాస్త్రవేత్తను ఇటు పంపించింది. ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టినాయన. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ మార్లవాయిలనే గుడిసె వేసుకొని ఉన్నారు. ఎలిజబెత్‌ను అందరు బెట్టీ అనేటోళ్లు. గోండి నేర్చుకున్నారు. 1943లో అదే ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయినయి. గోండులకు భూమి పట్టాలు రావాలని ఆయన ప్రభుత్వానికి గట్టిగ చెప్పిండు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలనే సమాధి చేశారు. హైమెన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయిండు. తర్వాత 2012లో ఆయన అస్థికలను ఇక్కడికే తెచ్చి భార్య పక్కన ఉంచారు. ఇప్పటికీ ప్రతి జనవరిలో ఊరోళ్లు వాళ్ల వర్ధంతి చేస్తరు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! ఆ రెండు సమాధుల ముంగట నిలబడితే నాకు ఒకటే అనిపించింది. వచ్చిన మనిషి ఎట్ల వచ్చిండు, ఎట్ల ఉన్నడు అన్నదాన్ని బట్టే ఊరు ఆయన్ను తనవాడిని చేసుకుంటది.

సరే, ఇగ నా కథకు వస్త.

మా జగిత్యాల దోస్తుకు డిగ్రీల ఒక గోండు పిలగాడు క్లాస్‌మేట్. వాళ్లది ఆ కొండల్లనే ఒక చిన్న గూడెం. ఆ పిలగాడు దీపావళికి రమ్మన్నడు. ఎందుకంటే అప్పుడు దండారి. దీపావళికి ముందు మొదలై పండుగ దాకా నడుస్తది. గుస్సాడీ నృత్యం మీరు వీడియోల్లో చూసే ఉంటరు. తలకు నెమలి ఈకల కిరీటం, ఒంటికి బూడిద, మెడల దండలు, కాళ్లకు గజ్జెలు. మార్లవాయికే చెందిన కనకరాజు గారు ఆ నాట్యాన్ని 1981లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవం దాకా తీసుకపోయిండు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన కాలం చేసిండు.

మేము గూడెంకు చేరేసరికి సాయంత్రం. చుట్టూ కొండలు, పెంకుటిండ్లు, అలికిన వాకిళ్లు, చేన్లల్ల పత్తి, కంది. చప్పుడంటే ఎడ్ల మెడల గంటలే. మా బావ అయితే, "అరేయ్, నా చెవులు తెరుచుకున్నయి రా" అన్నడు.

అప్పుడే డోలు చప్పుడు వినపడ్డది. గుస్సాడీలు వస్తున్నరు. నేను ఆగుతనా? ఉరికి పోయి ఫోన్ పట్టుకొని ముంగటికి నిలబడ్డ. సెల్ఫీ కోసం ఒకాయన పక్కకు పోయి భుజం మీద చెయ్యి వెయ్యబోయిన. కాళ్లకు చెప్పులు కూడ ఉన్నయి.

మా దోస్తు క్లాస్‌మేట్ వాళ్ల తాత వచ్చి నా చెయ్యి మెల్లగ పట్టుకొని పక్కకు తీసుకపోయిండు. కోపం లేదు. తెలుగు, గోండి కలిపి అన్నడు: "బిడ్డా, ఆయన ఇప్పుడు మా మనిషి కాదు, దేవుడు. మీ ఇంట్ల దేవుడర్రల మేము చెప్పులతోని నిలబడి ఫోటో దిగితే మీరు ఊకుంటరా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలే.

గుస్సాడీ వేషం వేసినాయన దీక్షలో ఉంటడు. ఏత్మాసూర్ దేవుడు ఆయన మీదికి వస్తడని వాళ్ల నమ్మకం. దీక్ష విడిచేదాకా స్నానం కూడ చెయ్యరు. నాకేమో అది మంచి రీల్. ఆయనకేమో అది మొక్కు. ఇది నాకు ముందు తెల్వదా అంటే, అడగలే కాబట్టి తెల్వదు. అడిగితే ఎవరైనా చెప్పేటోళ్లే.

ఆ రాత్రి మంట దగ్గర కూసొని తాత దండారి గురించి చెప్పిండు. అక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. దండారి అంటే ఆట ఒక్కటే కాదు. ఒక ఊరు ఇంకో ఊరికి చుట్టంగ పోవుడు! అంటే ఇప్పుడు మనం ఏం చేస్తున్నమో, వాళ్లు ఎన్నో తరాల నుంచి అదే చేస్తున్నరు. కాని దానికి ఒక పద్ధతి ఉంది.

మొదటిది, పిలుపు లేనిది పోరు. ఏ ఊరు ఏ ఊరికి పోవాల్నో ముందే మాట అనుకుంటరు. రెండోది, పోంగనే ఊళ్లెకు జొరబడరు. ఊరి బయటనే ఆగుతరు. ఆ ఊరోళ్లు వాయిద్యాలతోని ఎదురొచ్చి, "రాం రాం" చెప్పి, లోపలికి తీసుకపోతరు. మూడోది, ఉన్నన్ని దినాలు ఆ ఊరి మాటే మాట. వాళ్లు పెట్టిందే తింటరు, పాటలు పాడుతరు, ఆడుతరు, కష్టసుఖాలు మాట్లాడుకుంటరు, పెండ్లి సంబంధాలు కూడ అక్కడనే కుదురుతయి. నాలుగోది అన్నిటికన్న ముఖ్యం. ఇయ్యాల మీ ఊరికి మేము వస్తే, మల్లొక్కసారి మా ఊరికి మీరు రావాలె.

చూడండి, "బాధ్యత గల పర్యాటకం" అని మనం పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటం. తాత నాలుగు ముక్కల్ల చెప్పిండు.

ఇంకో మాట. పొద్దున ఫోన్‌ల సిగ్నల్ లేదని మా బావ మస్తు ఖుష్ అయిండు. "రెండు దినాలు ఎవని ఫోన్ రాదు, పానం హాయిగ ఉంది" అన్నడు. అది విని క్లాస్‌మేట్ నవ్విండు. "అన్నా, నీకు రెండు దినాలే. నడిరాత్రి నొప్పులొస్తే 108కు ఫోన్ చెయ్యాలన్నా మేము ఆ గుట్టెక్కాలె" అన్నడు. మేము ఇగ మాట్లాడలే. మనం ప్రశాంతత అని చూసేదాంట్ల సగం ఆ ఊరోళ్లు కాపాడుకున్నది: చెట్లు, చెరువు, కొట్లాట లేని బతుకు. ఇంకో సగం వాళ్లకు అందకుండ పోయినది: రోడ్డు, దవాఖాన, టవర్. ఈ రెండు వేరువేరు. మొదటిదాన్ని చూసి సంతోషపడండి. రెండోదాన్ని చూసి "ఎంత బాగుందో, ఇట్లనే ఉండాలె" అని మాత్రం వీడియోల చెప్పకండి.

ఆ ఊర్లు మనకు దూరం అనుకుంటున్నరా? మీ ఇంట్ల అమ్మనో, నానమ్మనో బీడీలు చేసిండ్రా? కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల బీడీల చాట పట్టని వాడకట్టు తక్కువ. ఆ చాటల ఉండే తునికాకు అడవి పల్లెలోళ్లు ఎండాకాలంల తెల్లారకముందే పోయి తెంపింది. 50 ఆకులు ఒక కట్ట. మనం అడవికి ఇప్పుడు పోతున్నం గాని, అడవి మన ఇంటికి ఎప్పుడో వచ్చింది.

మరి మీరు పోవాలంటే ఏం చెయ్యాలె? తెలిసినోళ్లను పట్టుకొని ముందే అడగండి. కాలేజీల, హాస్టల్‌ల ఆ దిక్కు పిల్లలు ఉంటరు. ఎవ్వరు తెలువకపోతే దండారి అప్పుడు దండేపల్లి మండలం గుడిరేవుకు పోండి. గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది, ఊర్లకు ఊర్లు అక్కడికి వస్తయి. అక్కడ కూడ ఫోన్ తీసేముందు అడగండి. ఉట్నూరు దిక్కు ఆదివాసీ ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనండి, బేరం ఆడకండి. కవ్వాల్ అడవిల బండి దిగి లోపలికి పోకండి, ప్లాస్టిక్ పారెయ్యకండి, పాటలు పెట్టి చెవులు పగులగొట్టకండి. చప్పుడు వద్దనే కదా మనం పోయింది!

ఆఖరికి మేము బయలుదేరేటప్పుడు తాత ఒక మాట అడిగిండు. "మరి మీ ఊరికి మేము ఎప్పుడు రావాలె?" నాకు నోటమాట రాలే. నేను ఎన్నో జాగలు తిరిగిన గాని, ఎవ్వరు నన్ను ఈ ప్రశ్న అడగలే. శివరాత్రికి వేములవాడ జాతరకు రమ్మన్న.

నిజంగనే వచ్చిండ్రు. తాత, మనవడు, ఇంకో ఇద్దరు. రాజన్న దర్శనం చేసుకొని సిరిసిల్లల మా ఇంట్ల ఒక రాత్రి ఉన్నరు. మా అమ్మ వాళ్లకు జొన్న రొట్టెలు చేసింది. పొద్దుగాల మా మరమగ్గాల షెడ్ చూపిస్తనని తీసుకపోయిన. లోపల అంత చప్పుడు. తాత తలుపు దగ్గరనే ఆగిండు. చెప్పులు విడిచిండు. నా దిక్కు చూసి, లోపలికి రావచ్చా అని చేతితోని సైగ చేసిండు.

వచ్చే సెలవులకు మీరు ఏ ఊరికి పోయినా, ఆ గడప దగ్గర ఒక్క నిమిషం అట్ల ఆగండి. మీకు తెలిసిన అడవి ఊర్ల ముచ్చట్లు ఉంటే కింద రాయండి. ఉంట మరి, రాం రాం.