జీరో బిల్లు కోసం, ప్రాణం కోసం: ఇంటి వైరింగ్ ఒక్కసారి చూసుకుందాం



2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లులు ఇస్తున్నారు. నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో. దాటితే ఆ నెల మొత్తం యూనిట్లకూ బిల్లు కట్టాల్సిందే. "మా ఇంట్ల రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులే కదా సార్, 200 ఎట్ల దాటింది?" అని చాలామంది అడుగుతుంటారు. ఒక్కోసారి జవాబు మన గోడల్లోనే దొరుకుతుంది.

మీటరు పరీక్ష

ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపండి. ఛార్జర్లు, టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర లైటును పది నిమిషాలు గమనించండి. చాలా మీటర్ల మీద 3200 అని రాసి ఉంటుంది. అంటే అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఏమీ వాడకపోయినా లైటు మెరుస్తూనే ఉందా? ఇప్పుడు మెయిన్ ఆపండి. మెరుపు ఆగిపోతే కరెంటు మీ ఇంట్లోనే ఎక్కడో లీకవుతోందన్నమాట. తడిసిన గోడ, పాతబడిన వైరు, బోరు మోటారు, ముందు ఇవి చూపించండి. మెయిన్ ఆపినా మెరుస్తుంటే 1912కు ఫోన్ చేయండి. సీలు మాత్రం ముట్టుకోవద్దు.

100 వాట్ల లీకేజీ రాత్రింబవళ్లు ఉంటే 30 రోజుల్లో 72 యూనిట్లు. 10 వాట్లు లాగే సెట్‌టాప్ బాక్సును ఎప్పుడూ ఆపకపోతే నెలకు 7 యూనిట్లు. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాని బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు.

ప్రాణం కాపాడేది ఏది?

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొట్టదులే అనుకోకండి. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది. మనిషిని కాపాడటానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. కరెంటు మన ఒంట్లోంచి భూమిలోకి పోతోందని పసిగట్టి, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించండి. ఎర్తింగ్ కూడా సరిగా ఉండాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి.

ఫ్యూజు పోయినప్పుడల్లా లావు రాగి తీగ చుట్టే అలవాటు మానండి. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, ఆ తర్వాత ఇల్లు. బట్టలారేసే దండేనికి ఇనుప తీగ వాడొద్దు. సర్వీసు వైరు ఒరుసుకుని దానికి తగిలితే, తడి బట్ట వేసిన చేయి అక్కడే అతుక్కుపోతుంది. నైలాన్ తాడు కట్టండి, అదీ సర్వీసు వైరుకు దూరంగా. బకెట్‌లో హీటర్ పెట్టినప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోండి.

రిపేరు నేర్చుకునే పిల్లలకు

ఇస్త్రీ పెట్టె, మిక్సీ విప్పి చూడాలనే ఆసక్తి మంచిదే. ముందు ప్లగ్గు పీకండి. బాగుచేశాక నేరుగా ప్లగ్గులో పెట్టకండి. 100 వాట్ల పాత రకం బల్బుతో సిరీస్ బోర్డు తయారు చేయించుకుని దాని ద్వారా పరీక్షించండి. వస్తువు షార్టయి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు. టీవీ, ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా షాక్ కొడతాయి. అవి తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

కొత్తగా వైరింగ్ చేయిస్తుంటే లైట్లకు 1.5, గీజర్, మోటారు లాంటి పెద్ద ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. ఏసీ ఉంటే 4. ఆకుపచ్చ వైరు ఎర్త్‌కే, నలుపు న్యూట్రల్‌కే. స్విచ్ ఫేజు మీదే ఉండాలి. లేదంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది.

మీటరు నుంచి స్తంభం దాకా పని విద్యుత్ సిబ్బందిదే. మనం నిచ్చెన ఎక్కొద్దు.

ఈ ఆదివారం పొద్దున ఓ అరగంట కేటాయించండి. మీటరు లైటు చూడండి, టెస్ట్ బటన్ నొక్కండి, దండెం మార్చండి. ఈ పీడీఎఫ్‌ను పక్కింటివాళ్లకూ పంపండి. సెలవు.